శీలావతి శుభ్రం చేసేటప్పుడు ఆ ఆకుపచ్చ తిత్తి జాగ్రత్త

ఇంట్లోనే శీలావతి (రోహు) కోసేవాళ్లు పొట్ట చీల్చేటప్పుడు కత్తి లోతుగా దించకండి. కాలేయాన్ని అంటుకుని ముదురాకుపచ్చగా చిన్న తిత్తి ఉంటుంది. అదే పిత్తాశయం. పొట్టను పైపైన చీల్చి, లోపలివన్నీ మెల్లగా ఒకేసారి బయటికి లాగితే అది పగలదు. పగిలితే వెంటనే నీళ్లతో కడిగి, పచ్చగా మారిన ముక్కను కోసి పారేయండి. లేకపోతే కూర చేదెక్కుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. షుగర్ తగ్గుతుందని, చూపు బాగుపడుతుందని కొందరు ఈ తిత్తిని పచ్చిగా మింగుతారు. దయచేసి ఆ పని చేయకండి, ఇంట్లో పెద్దవాళ్లనూ చేయనివ్వకండి. శీలావతి లాంటి కార్ప్ జాతి చేపల పిత్తంలో సిప్రినాల్ సల్ఫేట్ అనే విషపదార్థం ఉంటుంది. ఉడికించినా అది పోదు. మింగిన కొన్ని గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గాయి కదా అనుకునేలోపే మూత్రం తగ్గిపోయి కిడ్నీలు దెబ్బతినవచ్చు, డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లున్నారు. బొచ్చె, గడ్డిచేపల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఎవరైనా మింగారని తెలిస్తే వాంతుల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, చేప పిత్తం మింగిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.