సొరోరిటీ షోలు చూస్తున్నారా? కెమెరా చూపించని చోట ఏముందో కనిపెట్టడం ఎలా

పోయిన ఆగస్టులో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి మా అక్క ఫోన్ చేసింది. వాళ్ళ డాలస్‌లో అప్పుడు మధ్యాహ్నం మూడు. "ఏమే, పడుకున్నావా? ఈ సొరోరిటీల్లో పిల్లల్ని ఏడిపిస్తారటే. రెండ్రోజుల్నుంచి చూస్తున్నా, ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉన్నారు" అంది. దాని కూతురు ఆ నెలలోనే డిగ్రీ మొదటి ఏడాదిలో చేరుతోంది, సొరోరిటీలో, అంటే అక్కడి కాలేజీ అమ్మాయిల సంఘంలో, చేరతానంటోంది. విచిత్రం ఏంటంటే అవే షోలు, అవే క్లిప్పులు చూసి ఆ పిల్ల మాత్రం "ఎంత బాగుంది పిన్నీ, అందరూ అక్కచెల్లెళ్ళలా ఉంటారు" అంది. తల్లికి అంత భయం, కూతురికి అంత మోజు. ఇద్దరూ చూసింది మాత్రం ఒకటే.

నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు రియాలిటీ షోలకి ఎడిటింగ్ చేశాను. ఆ రాత్రి అక్కకి, తర్వాత పిల్లకి ఫోన్లో చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ పిల్లలు ఇప్పుడు చాలామంది ఈ వయసుకొచ్చారు, వాళ్ళ అమ్మానాన్నలకి పనికొస్తుంది. ఇక్కణ్ణుంచి ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళకి దీంతో పెద్దగా పని పడదు, ఇది ముఖ్యంగా డిగ్రీ పిల్లల వ్యవహారం.

ముందు నాలుగు మాటలు తెలుసుకోండి, లేకపోతే షో సగం అర్థం కాదు. సొరోరిటీ అంటే గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే అమ్మాయిల సంఘం. చేరాలనుకున్నవాళ్ళు వరసగా ఒక్కో సంఘం ఇంటికీ వెళ్ళి సభ్యులతో మాట్లాడే వారం పది రోజుల్ని రష్ అంటారు. "మాలో చేరు" అని ఇచ్చే పిలుపు బిడ్. బిడ్ అందుకున్నాక కొన్ని వారాలపాటు న్యూ మెంబర్‌గా ఉండి, చివర్లో పూర్తి సభ్యురాలవుతారు. సంఘాలు కూడా అన్నీ ఒక తాను గుడ్డలు కావు. 1902లో మొదలైన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద 26 సొరోరిటీలున్నాయి, టీవీలో, టిక్‌టాక్‌లో మనం చూసే పెద్ద పెద్ద ఇళ్ళు ఎక్కువగా వీటివే. నల్లజాతి విద్యార్థుల సంఘాలు వేరు. కమలా హారిస్ చేరిన ఆల్ఫా కప్పా ఆల్ఫా వాటిలో ఒకటి, 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో పుట్టింది. దక్షిణాసియా అమ్మాయిలు పెట్టుకున్నవీ ఉన్నాయి. 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, అదే ఏడాది ఆస్టిన్‌లో కప్పా ఫై గామా మొదలయ్యాయి. మన పిల్లలు ఎక్కువగా ఉండే టెక్సస్‌లోనే పుట్టాయి కాబట్టి ఈ పేర్లు మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినపడొచ్చు.

ఇక షో చూడటం. మొట్టమొదట చూసుకోవాల్సింది ఆ కెమెరాని లోపలికి ఎవరు రానిచ్చారు అనేది. 2002లో ఎంటీవీ 'సొరోరిటీ లైఫ్' మొదటి సీజన్ కాలిఫోర్నియాలో యూసీ డేవిస్ కాలేజీలో తీసింది. అందులో చూపించింది దేశమంతా శాఖలున్న సంఘాన్ని కాదు, ఆ ఒక్క ఊరికే పరిమితమైన చిన్న సంఘాన్ని. దాన్ని చూసి "అమెరికా సొరోరిటీలన్నీ ఇంతే" అనుకోవడం, మన ఊరి చిట్‌ఫండ్‌ని చూసి స్టేట్ బ్యాంక్ ఎలా నడుస్తుందో చెప్పడం లాంటిది. 2014 డిసెంబర్‌లో వీహెచ్1 అనే టీవీ ఛానెల్ 'సొరోరిటీ సిస్టర్స్' అని అట్లాంటాలో తీసింది. అందులో ఉన్నది కాలేజీ పిల్లలు కూడా కాదు, ఎప్పుడో చదువు అయిపోయి ఉద్యోగాలు చేసుకునే నల్లజాతి మహిళలు. తమ సంఘాల గ్రీకు అక్షరాలు పెట్టుకుని కెమెరా ముందు అరుచుకుంటున్నారని ఆ సంఘాల సభ్యులు భగ్గుమన్నారు, ప్రకటనలిచ్చే కంపెనీలు వరసపెట్టి తప్పుకున్నాయి, జనవరి కల్లా మిగిలిన ఎపిసోడ్లన్నీ ఒకేసారి వేసేసి చేతులు దులుపుకున్నారు. 2023లో వచ్చిన 'బామా రష్' రియాలిటీ షో కాదు, డాక్యుమెంటరీ. అలబామా యూనివర్సిటీలో రష్‌కి సిద్ధమయ్యే అమ్మాయిల వెంట నడిచింది. అది తీస్తున్నప్పుడు ఎవరో రహస్యంగా మైకులు పెట్టుకుని తిరుగుతున్నారన్న పుకారు లేచి క్యాంపస్ అంతా గగ్గోలైపోయింది. అంటే ఏంటి? లోపలివాళ్ళు రానిస్తే వాళ్ళు చూపించదలచుకున్నదే కెమెరాకి దొరుకుతుంది, రానివ్వకపోతే గుమ్మం బయటిదే దొరుకుతుంది. షో మొదలవగానే ఇది ఈ రెండింటిలో ఏదో చూసుకుంటే సగం తికమక పోతుంది.

రెండోది నా పనికి సంబంధించింది, కాస్త ఓపిగ్గా చదవండి. మాట వినిపిస్తున్నంతసేపూ మాట్లాడే మనిషి ముఖం కనిపిస్తోందా? ముఖం మీద మొదలైన వాక్యం మధ్యలో బొమ్మ ఇంటి మీదకో, ఇంకో అమ్మాయి ముఖం మీదకో వెళ్ళి, గొంతు మాత్రం సాగుతుంటే అక్కడ అతుకు ఉండే అవకాశం ఎక్కువ. మూడు చోట్ల మాట్లాడిన మూడు ముక్కలు తెచ్చి ఒక వాక్యం చెయ్యడం ఎడిటర్‌కి పది నిమిషాల పని. రియాక్షన్ షాట్లు మరీ ఘోరం. ఒక డాన్స్ షోలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, జడ్జి మార్కులు చెబుతుంటే పొగరుగా కళ్ళు పైకి తిప్పినట్టు చూపించాం. నిజానికి ఆ షాట్ రెండు గంటల ముందు, మేకప్ వేసే ఆవిడ కాటుక దిద్దుతున్నప్పుడు కెమెరా టెస్ట్ కోసం తీసింది. కాటుక పెడుతుంటే ఎవరైనా కళ్ళు పైకే తిప్పుతారు కదా. జాగ్రత్తగా చూస్తే ఆ షాట్‌లో పిల్ల కాలర్‌కి మైకు లేదు, అంతకు ముందు షాట్‌లో ఉంది. ఎవరూ గమనించలేదు. జనం ఆ పిల్లని నానా మాటలూ అన్నారు, వాళ్ళమ్మ ఆఫీసుకి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ కట్ వేసింది నేనే, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నా, ఎవరైనా ఏడుస్తున్నట్టో ఎగతాళి చేస్తున్నట్టో కనిపిస్తే వెంటనే నమ్మకండి. వెనక్కి తిప్పి మైకు, చెవి కమ్మలు, జుట్టు, కిటికీలోంచి పడే వెలుతురు చూడండి. ఈ మాట చెప్పిన మర్నాడు మా అక్క మెసేజ్ పెట్టింది: "మూడో ఎపిసోడ్‌లో ఏడ్చిన పిల్ల గోళ్ళ రంగు మారిపోయిందే!"

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. షో ఏ రోజుల్ని చూపిస్తోంది, ఏ రోజుల్ని దాటేస్తోంది? 2021 ఆగస్టులో అలబామా అమ్మాయిలు ఈ రోజు ఏ గౌను, ఏ చెప్పులు అని పెట్టిన వీడియోలు ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత ప్రతి ఆగస్టులోనూ అదే జాతర. డ్రెస్సులు, గుమ్మం దగ్గర పాటలు, బిడ్ అందుకుని పరుగెత్తుకుంటూ వెళ్ళి కౌగిలించుకోవడం. అక్కడితో వీడియోలు ఆగిపోతాయి. హేజింగ్, అంటే సంఘంలో చేర్చుకునే పేరుతో కొత్తవాళ్ళని అవమానించడం, ఇబ్బంది పెట్టడం, జరిగితే ఎక్కువగా మొదలయ్యేది ఆ తర్వాతే, న్యూ మెంబర్‌గా ఉన్న ఆ కొన్ని వారాల్లోనే. చాలా రాష్ట్రాల్లో అది నేరం, కాబట్టి ఎవరూ కెమెరా ముందు చెయ్యరు. చేసినా ఏ లాయరూ దాన్ని ప్రసారం కానివ్వడు. ఇక షోలో కనిపించేదంతా మెత్తబడ్డ సరుకే. కొత్తవాళ్ళు గిన్నెలు తోమడం, పాట తప్పు పాడితే అందరూ నవ్వడం, వెనకాల సరదా మ్యూజిక్. చూసేవాళ్ళకి ఆ మ్యూజిక్కే "ఇది ఆటే" అని చెప్పేస్తుంది. నేనైతే ఇలాంటి సీన్లు సౌండ్ పూర్తిగా తీసేసి ఒకసారి చూడమంటాను. మ్యూజిక్ లేకుండా ఆ పిల్ల ముఖం చూస్తే ఆటో కాదో తెలుస్తుంది.

మనకి హేజింగ్ అనగానే ర్యాగింగ్ గుర్తొస్తుంది, ఆ పోలిక కొంతవరకే సరిపోతుంది. ఇక్కడ సీనియర్లు కనిపిస్తే పిల్లలు పక్క సందులోంచి తప్పించుకుపోయేవాళ్ళు. అక్కడ అలా కాదు. పిల్ల తనంతట తానే వెళ్ళి, డబ్బు కట్టి, లోపలికి రానివ్వమని నిలబడుతుంది. అందుకే ఏం చేసినా "నేనే ఒప్పుకున్నాను కదా" అనుకుంటుంది. 2008లో అమెరికాలో 53 కాలేజీల్లో 11,000 మందికి పైగా విద్యార్థుల్ని అడిగి చేసిన అధ్యయనంలో, క్లబ్బులు, టీములు, సంఘాల్లో ఉన్నవాళ్ళలో 55 శాతం మందికి హేజింగ్ అనుభవమైందని తేలింది. తమకి జరిగింది హేజింగేనని గుర్తించినవాళ్ళలో కూడా 95 శాతం మంది కాలేజీకి చెప్పలేదు. అమ్మాయిల దగ్గర అది దెబ్బల రూపంలోనే ఉండాలని లేదు. అర్ధరాత్రి రెండింటికి మెసేజ్ పెట్టి కార్ వేసుకుని రమ్మనడం, ఫోన్లు లాక్కోవడం, వరసగా నిద్ర పోనివ్వకపోవడం, సభ్యులందరి పేర్లూ ఊర్లూ బట్టీ పట్టించి తప్పితే అందరి ముందూ నిలబెట్టడం, తాగమని చుట్టూ చేరడం. "ఎవరికీ చెప్పొద్దు" అన్నారంటే అక్కడే అనుమానించాలి.

షో చూడటం అయ్యాక టీవీ కట్టేసి అసలు రికార్డు చూడండి. 2024 డిసెంబర్‌లో అమెరికాలో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ వచ్చింది. ఏ సంఘం హేజింగ్ చేసిందని తేలిందో, ఎప్పుడు జరిగిందో, కాలేజీ ఏం చర్య తీసుకుందో కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పిల్ల ఒప్పుకుందా లేదా అన్నదానితో ఈ చట్టానికి సంబంధం లేదు, ఒప్పుకున్నా హేజింగ్ హేజింగే. టెక్సస్‌లో అయితే 2019 చట్టం ప్రకారం గత మూడేళ్ళ ఉల్లంఘనలు పెట్టాల్సిందే. కాలేజీ పేరు పక్కన హేజింగ్ రిపోర్ట్ అని కొట్టి వెతకండి, వస్తుంది. చదివేటప్పుడు ఒకే పేరు రెండు మూడుసార్లు వచ్చిందా చూడండి. జరిగిన తేదీకీ కాలేజీ తేల్చిన తేదీకీ మధ్య ఎన్ని నెలలు పట్టిందో కూడా చూడండి. జాబితాలో పేరు లేనంత మాత్రాన అంతా బాగుందని కాదు. కాలేజీ గుర్తింపు పోయిన సంఘం బయట ఇల్లు అద్దెకి తీసుకుని నడుస్తుంటే అది ఈ లెక్కలోకి రాకపోవచ్చు. మా పిల్ల వెతికితే తనకి నచ్చిన నాలుగు పేర్లలో ఒకటి జాబితాలో రెండుసార్లు కనిపించింది. ఆ ఇంటి వీడియోలే అన్నిటికన్నా అందంగా ఉన్నాయని తనే చెప్పింది.

రష్‌లో మాట్లాడేటప్పుడు అబ్బాయిలు, మందు, మతం, డబ్బు, రాజకీయాలు ఎత్తకూడదని ఒక అలవాటు ఉంది. డబ్బు సంగతి మాత్రం కాగితం మీద ముందే అడిగి తీసుకోవాలి. అలబామా లాంటి చోట కొత్త సభ్యురాలికి సెమిస్టర్‌కే నాలుగు వేల డాలర్ల చుట్టుపక్కల అవుతుంది, షోల్లో ఈ అంకె వినిపించడం అరుదు. న్యూ మెంబర్ కాలం ఎన్ని వారాలు, వారానికి ఎన్ని సాయంత్రాలు రావాలి, రాత్రి ఎన్నింటికి వదిలేస్తారు, మధ్యలో మానేస్తే కట్టిన డబ్బులో ఎంత తిరిగొస్తుంది అని అడగమన్నాను. మంచి సంఘం వాళ్ళు క్యాలెండర్ తీసి చూపిస్తారు. "అది సర్‌ప్రైజ్" అన్నారంటే ఇంకో ఇల్లు చూసుకోవడం మేలు.

ఒకవేళ ఏదైనా జరిగితే మెసేజ్‌లు చెరిపెయ్యకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఇంటికి పంపమనండి. ఎవరైనా తాగి పడిపోతే "పొద్దున్నకి సర్దుకుంటుంది" అని పడుకోబెట్టి వెళ్ళిపోకూడదు, వెంటనే 911. టెక్సస్‌లో హేజింగ్ గురించి తనంతట తాను ముందుకొచ్చి చెప్పినవాళ్ళకి చట్టం రక్షణ ఇస్తుంది, స్వయంగా తెలిసీ చెప్పకపోవడం కూడా అక్కడ నేరమే. 1-888-668-4293 అని హేజింగ్ హాట్‌లైన్ ఉంది, పేరు చెప్పక్కర్లేదు. కాకపోతే ఆ ఫిర్యాదు ఆ సంఘం జాతీయ కార్యాలయానికి వెళుతుంది కాబట్టి కాలేజీ డీన్ ఆఫీసుకి కూడా విడిగా రాయండి.

ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, బాగున్నావా" అంటే పిల్లలు తిన్నాను, బాగున్నాను అనే అంటారు. మా అక్కకి వేరే ప్రశ్నలు చెప్పాను. నిన్న ఎన్నింటికి పడుకున్నావు? రాత్రి నీ ఫోన్ ఎవరి దగ్గర ఉంది? కార్ ఎవరు నడిపారు? సెప్టెంబర్ మొత్తం రోజు విడిచి రోజు ఈ మూడే అడిగింది. మొదటి వారం పిల్ల విసుక్కుంది. మూడో వారంలో ఒకరోజు అక్క అడక్కముందే తనే చెప్పింది: "రాత్రి రెండింటికి రమ్మన్నారమ్మా, నేను వెళ్ళలేదు."