నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోండి

గుంటూరులో మా పిన్నికి స్నానం చేస్తుంటే చంక దగ్గర శనగగింజంత గడ్డ గట్టిగా తగిలింది, నొప్పి లేదు కదా అని నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. దయచేసి అలా ఆగకండి, అది రొమ్ము క్యాన్సర్ కూడా కావచ్చు.

30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఐదేళ్లకోసారి చేత్తో చూసే రొమ్ము పరీక్ష ఉంది, వెళ్లండి. నలభై దాటాక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఎప్పుడెప్పుడు తీయించుకోవాలో డాక్టర్‌ని అడగండి, అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే అడగాలి.

మామోగ్రామ్‌కి నెలసరి అయిపోయిన వారంలో వెళ్తే నొప్పి తక్కువ. ఆ రోజు పౌడర్, స్ప్రే వాడొద్దు, ఫిల్మ్‌లో మచ్చల్లా పడి లేనిపోని టెన్షన్. రొమ్ముని రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు గట్టిగా నొక్కుతారు, అంతే. పాత ఫిల్ములు ఉంటే పట్టుకెళ్లండి, పోల్చి చూస్తారు.

సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కొంచెం తీసి చూడటం) చేస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట నమ్మకండి. అమెరికా లెక్కల్లో రొమ్ము దాటకముందే దొరికినవాళ్లలో ఐదేళ్ల మనుగడ 99 శాతం పైనే, దూరంగా పాకాక దాదాపు మూడో వంతే. ముందే కనిపెడితే బతికిన ఏళ్ల లెక్క కూడా ముందే మొదలవుతుంది కాబట్టి ఆ తేడా అంతా స్క్రీనింగ్ (లక్షణాలు లేకముందే చేసే పరీక్ష) వల్లే అనలేం, కానీ చిన్నగా ఉన్నప్పుడు వైద్యం తేలికన్నది మాత్రం నిజం. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, ఆధార్, పాత రిపోర్టులు తీసుకుని పొద్దున్నే వెళ్లండి.