చవక ఫ్రైట్ కార్లలో మీ లేఅవుట్‌కి ఏవి కొనాలి

మోడల్ రైళ్ళ ఫ్రైట్ కార్లు, అంటే బొమ్మ గూడ్స్ వ్యాగన్ల సంగతి ఇది. షోకేస్‌లో పెట్టుకోడానికైతే ఏ కారైనా పర్లేదు, బండ్లు నిజంగా నడిపే ఆపరేటింగ్ లేఅవుట్ కథ వేరు. యార్డ్‌లోకి ఇరవై కార్లని వెనక్కి తోస్తుంటే మధ్యలో ఒక్కటి పట్టా తప్పినా అందరి పనీ ఆగిపోద్ది. అందుకే డబ్బా మీద రేటు ఒక్కటే చూడొద్దు, దానికి చక్రాల ఖర్చు, కప్లర్ల (కార్లని ఒకదానికొకటి తగిలించే కొక్కేలు) ఖర్చు కలిపి అప్పుడు పోల్చండి. నేను చెప్పేదంతా అమెరికన్ హెచ్‌ఓ స్కేల్ (అసలు రైల్లో 87వ వంతు సైజు) గురించే.

అక్యూరైల్ కిట్లు నాకు బాగా నచ్చుతాయి, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతాయి, బాడీ నీట్‌గా ఉంటుంది, కానీ చక్రాలు, కప్లర్లు ప్లాస్టిక్‌వే కాబట్టి వాటిని మార్చే ఖర్చు మనసులో పెట్టుకోండి. బాక్‌మన్ సిల్వర్ సిరీస్, వాల్తర్స్ మెయిన్‌లైన్ రెడీమేడ్‌గా మెటల్ చక్రాలతోనే వస్తాయి, అంటే రేటు కాస్త ఎక్కువ కనిపించినా లెక్క చూస్తే దాదాపు సమానమే. అథర్న్ బ్లూ బాక్స్ కిట్లు ఇప్పుడు తయారు కావట్లేదు, స్వాప్ మీట్లలో పాతవి దొరుకుతాయి. వాటిలో కప్లర్ బాక్స్‌కి రేకు మూత నొక్కి పెట్టేది ఉంటుంది, అది ఊడిపోయే రకం, చిన్న రంధ్రం చేసి స్క్రూ బిగిస్తే ఇక బెంగ లేదు. కప్లర్ బాడీకి కాకుండా ట్రక్కుకి (కారు కింద చక్రాలుండే, అటూ ఇటూ తిరిగే ఫ్రేమ్) అతికించి ఉన్న పాత ట్రెయిన్‌సెట్ కార్లు మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు, ముందుకు లాగితే బానే వస్తాయి, వెనక్కి తోశారా ట్రక్కు పక్కకి తిరిగి పట్టా దిగేస్తుంది.

ఇంటికి తెచ్చాక ముందు బరువు చూడండి, కిచెన్ స్కేల్ చాలు. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ళ సంఘం) సూత్రం ప్రకారం 1 ఔన్స్, దానిమీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్స్. 40 అడుగుల బాక్స్ కారు హెచ్‌ఓలో సుమారు 5.5 అంగుళాలు ఉంటుంది కాబట్టి 3.75 ఔన్సులు, అంటే 106 గ్రాములు రావాలి. బాక్స్ కారులో బరువు లోపల దాచేయొచ్చు, గోడల్లేని ఖాళీ ఫ్లాట్ కారుతోనే తలనొప్పి, అందుకే చవగ్గా వచ్చిందని ఫ్లాట్ కార్లు ఎక్కువ కొనేయకండి.

తర్వాత ట్రక్కు స్క్రూలు. ఒకటి కారు ఊగకుండా, ట్రక్కు మాత్రం ఫ్రీగా తిరిగేలా బిగించండి, రెండోది ఇంకాస్త వదులుగా ఉంచండి, అప్పుడు పట్టా కొంచెం ఎత్తుపల్లాలున్నా అన్ని చక్రాలూ ఆనుకునే ఉంటాయి. మెటల్ చక్రాలేసేటప్పుడు ఒక సంగతి, ఇరుసులు స్టీల్‌వైతే పట్టాల మధ్య అన్‌కప్లింగ్ మాగ్నెట్ల (కప్లర్లని విడదీసేవి) దగ్గర కారు దానంతటదే జరుగుద్ది, మాగ్నెట్లు వాడేవాళ్ళు ఇత్తడివో ప్లాస్టిక్‌వో ఇరుసులున్నవి చూసుకోండి.

కప్లర్ల విషయంలో బేరం లేదు, అన్నీ ఒకే రకం మెటల్‌వి, నేనైతే కేడీ కంపెనీవి వేస్తా. ఎత్తు గేజ్‌తో సరిచూడండి, కప్లర్ నుంచి కిందకి వేలాడే పిన్ టర్నౌట్‌కి (పట్టా రెండుగా చీలే చోటు) తగలకూడదు. ఒకే కంపెనీవి డజను ఒకేసారి కొనేయకుండా ముందు ఒక్కటి తెచ్చి, రైలు మధ్యలో పెట్టి, మీ లేఅవుట్‌లో అన్నిటికంటే చెత్త టర్నౌట్ మీదుగా వెనక్కి తోసి చూడండి, అది దాటితే మిగతా పదకొండూ ఆర్డర్ పెట్టండి.