ఇంకు పోర్ట్రెయిట్ చెడిపోతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పెన్సిల్‌తో వేసినప్పుడు బాగున్న ముఖం ఇంకు పడగానే చెడిపోతే చాలామంది ముందు పెన్ను మార్చేస్తారు. పెన్ను తప్పు చాలా తక్కువ. గీత పడిన చోట నలుపు, పడని చోట కాగితం తెలుపు. పెన్నుతో వేసే బొమ్మలో ఉన్నవి ఆ రెండే. తెలుపు ఎక్కడ మిగలాలో ముందే తేల్చుకోకుండా గీత మొదలుపెట్టడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి.

మనిషి వయసు పెరిగిపోయింది

పాతికేళ్ల అమ్మాయిని వేస్తే నలభై దాటినట్టు వస్తుంది. నవ్వుతున్న ముఖమైతే మరీనూ.

కారణం: ముక్కు పక్క నుంచి పెదవి చివరికి దిగే మడతను, కళ్ల కింది ఉబ్బును, పళ్ల మధ్య సందులను గీతలు పెట్టి చూపించడం. ముఖం మీద అవి గీతలు కావు, మెల్లగా దిగే నీడలు. నల్లగా గీసేస్తే ముడతలైపోతాయి.

పరిష్కారం: మడత ఉన్నచోట గీత పెట్టకండి. చెంప నీడ కోసం వేసే సన్నటి వాలుగీతలను మడత దగ్గరికి రాగానే ఆపేయండి. అవి ఆగిన అంచే మడతగా కనిపిస్తుంది. పై పళ్ల వరసను ఒకే తెల్లని ముక్కగా వదిలి, నోటి మూలల్లో మాత్రం నలుపు పెట్టండి. కింది రెప్పకు పూర్తి గీత అక్కర్లేదు, బయటి మూలన కాస్త చాలు. ముక్కుకు రెండు పక్కలా గీతలు దింపకుండా, నీడ ఉన్న వైపున, ముక్కుపుటాల కింద వేస్తే ముక్కు దానంతటదే లేస్తుంది.

ఇప్పటికే గీసేసి ఉంటే, పక్కన అదే వాలులో మరికొన్ని సన్నగీతలు వేసి దాన్ని నీడలో కలిపేయండి.

బొమ్మంతా ఒకే బూడిద రంగులో ఉంది

కారణం: నలుపంటే భయం. ముఖమంతా ఒకే ఒత్తుగా హ్యాచింగ్ (నీడ కోసం పక్కపక్కనే సన్నగీతలు వేయడం) చేసి, గాఢమైన నలుపు ఎక్కడా పెట్టకపోవడం.

పరిష్కారం: అసలు షీటు ముట్టుకునే ముందు చిన్న చిత్తు బొమ్మ వేయండి. అందులో మూడే ఛాయలు: తెలుపు, మధ్యరకం, నలుపు. కళ్లు సగం మూసి ఫొటో చూస్తే ఈ మూడూ విడిపోతాయి. తర్వాత అసలు బొమ్మలో ముందుగా నలుపులు పెట్టండి: కంటిపాపలు, ముక్కురంధ్రాలు, పెదవుల మధ్య గీత, జుట్టు లోపలి భాగం, గడ్డం కింద. అవి పడ్డాక మిగతా చోట్ల ఎంత తక్కువ పని సరిపోతుందో మీకే తెలుస్తుంది.

నీడ కోసం గీతల మీద గీతలు అడ్డంగా వేయాల్సిన అవసరం ప్రతిసారీ ఉండదు. ఫ్రాన్స్‌కు చెందిన క్లోద్ మెలాన్ 1649లో క్రీస్తు ముఖాన్ని ఒకే ఒక్క సుడి గీతతో చెక్కాడు. ముక్కు కొస దగ్గర మొదలై అంచుల దాకా తిరుగుతూ పోయే ఆ గీత లావు సన్నాలతోనే వెలుగునీడలన్నీ వచ్చాయి. అది రాగిరేకు మీద పని, అయినా పెన్ను పట్టినవాళ్లు ఒకసారి పెద్దది చేసి చూడాల్సిన బొమ్మ.

చామనఛాయ ముఖం మసి పూసినట్టుంది

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది దీన్నే. పాఠాలు చాలావరకు తెల్లటి చర్మం మీద చెబుతారు, అక్కడ కాగితమే చర్మం. అదే పద్ధతి మన ముఖాలకు వాడితే మనిషి తెల్లబడిపోతాడు. అలా కాకూడదని అంతటా మూడు పొరలు కొడితే వెలుగు మచ్చలు కూడా మూసుకుపోతాయి. మసి కనిపించేది అందుకే.

నల్లని చర్మం మీద మెరుపు చిన్నగా, అంచు తేలి ఉంటుంది. నుదురు, ముక్కు కొస, చెంప ఎముక, కింది పెదవి దగ్గర ఆ మెరుపులను పెన్సిల్‌తో గుర్తుపెట్టి, చివరిదాకా ముట్టుకోకండి. మిగతా చర్మానికి ముఖం వంపును అనుసరించే ఒకే వరస గీతలు వేయండి. రెండో పొర నీడలో మాత్రమే. జుట్టు చర్మం కంటే స్పష్టంగా నల్లగా ఉండాలి, కాబట్టి అక్కడ ధైర్యంగా నింపేయండి. ఛాయ తగ్గించి "అందంగా వచ్చింది" అనుకోవడం మాత్రం వద్దు. ఆ మనిషి పోలిక పోయేది అక్కడే.

పోలిక రాలేదు

ఎక్కువసార్లు కళ్లు పైకి జరిగి ఉంటాయి. ఎదురుగా చూసే ముఖంలో నడినెత్తి నుంచి గడ్డం వరకు కొలిస్తే కళ్లు దాదాపు సగంలో వస్తాయి. రెండు కళ్ల మధ్య దూరం సుమారు ఒక కన్నంత. పెన్సిల్ దశలోనే బొమ్మను అద్దంలో చూడండి, ఫొటోనూ బొమ్మనూ తలకిందులుగా పెట్టి పోల్చండి. ఇంకు పడ్డాక కన్ను జరగదు. జుట్టు ఎత్తు, దవడ అంచు కొద్దిగా పెంచుకునే వీలు మాత్రం ఉంటుంది.

ఇంకు, కాగితం, నిబ్బు ఇబ్బందులు

గీత అంచులు పీచులా పాకితే కాగితం ఇంకును పీల్చేస్తోందని అర్థం. జిరాక్స్ పేపర్ వదిలి, నున్నటి మందపాటి షీటు తీసుకోండి. నీళ్ల వాష్ (పలచటి రంగు పూత) వేయగానే గీతలు కరిగితే అది నీళ్లలో కరిగే రంగుతో చేసిన డై ఇంకు. కరగని రంగుపొడితో చేసిన పిగ్మెంట్ ఇంకు వాడి, పూర్తిగా ఆరనివ్వండి. రబ్బరుతో తుడిచాక నలుపు పాలిపోతుంటే, పెన్సిల్‌ను ముందే లేతగా వేసుకోవాలి.

ఇంకులో ముంచి గీసే కొత్త డిప్ నిబ్బుకు ఇంకు అంటకపోతే దాని మీద తుప్పు పట్టకుండా పూసిన పొర ఉన్నట్టు. సబ్బునీళ్లతో కడిగి తుడవండి. చుక్కలు రాలుతుంటే తక్కువగా ముంచి, సీసా అంచుకు ఆనించి తీయండి.

పిగ్మా మైక్రాన్ డ్రాయింగ్ పెన్నుల్లో నంబరు గీత మందాన్ని చెబుతుంది: 005 అంటే 0.20 మి.మీ., 01 అంటే 0.25, 05 అంటే 0.45. మొదటి రెండింటి మధ్య తేడా చాలా తక్కువ, అందుకే మొత్తం సెట్ కొనే బదులు 01, 05 తీసుకోండి. లక్క కలిసిన ఇండియన్ ఇంకును ఫౌంటెన్ పెన్నులో పోయకండి. అది లోపలే ఆరి గట్టిపడితే ఆ పెన్ను మళ్లీ రాయడం కష్టం.