మందు మాన్పించే మందులు

రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నపళంగా ఆపేయకూడదు. 6–8 గంటల్లో చేతులు వణుకుతాయి, 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పొచ్చు. ముందు డాక్టరు, తర్వాతే మానడం. బెంగళూరులోనైతే నిమ్హాన్స్ అనే మానసిక, నరాల ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది.

నీరసమని గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్, అంటే బి1 ఇంజెక్షన్ పడాలి. లేదంటే మెదడుకే దెబ్బ.

తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర డైసల్ఫిరామ్. అది మొదలుపెట్టాలంటే చివరి గుక్క తర్వాత కనీసం 12 గంటలు ఆగాలి. చెప్పకుండా సాంబారులో కలిపేవాళ్లున్నారు. అది ప్రాణాలతో చెలగాటం. దాని మీద తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మాత్ర ఆపినా 14 రోజుల దాకా ఆ ముప్పు ఉంటుంది. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ కూడా చాలు!

నాల్‌ట్రెక్సోన్, రోజుకు 50 మి.గ్రా., తాగాలన్న యావ తగ్గిస్తుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు వాడేవాళ్లకు మాత్రం కుదరదు. లివర్ బాగా చెడితే అకాంప్రోసేట్ అనే మరో మందు మేలు, కిడ్నీ పరీక్ష చూశాక.