పిలుపు కోసం తొందరపడకండి

నేనూ నా భాగస్వామీ, ఇద్దరం ఆడవాళ్లమే. ఇద్దరికీ ఇంతకుముందు పెళ్లిళ్లయ్యాయి. కలిసి ఉండడం మొదలుపెట్టేనాటికి నా కూతురికి తొమ్మిదేళ్లు, ఆమె కొడుక్కి పదమూడు. ఐదేళ్లు దాటింది. ఇప్పుడిప్పుడే ఈ దారిలో అడుగుపెడుతున్నవారికి నా తప్పులు పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటి వారమే పాపను కూర్చోబెట్టి, "ఈమెను ఏమని పిలుస్తావు?" అని అడిగాను. నా ముఖంలోకి చూసి, నాకు నచ్చే జవాబు వెతుక్కుని "పిన్ని" అంది. మురిసిపోయాను. రెండు రోజుల తర్వాత బడి గేటు దగ్గర ఒకావిడ "మీ చెల్లెలా?" అంటే, వివరించే ఓపిక లేక తల ఊపాను. పాప చూసింది. ఇక ఆ రోజు నుంచి ఏ పిలుపూ లేదు, "ఆమెకు చెప్పు", "ఆమెకు ఇవ్వు" అంతే. పిలుపును పిల్లలకే వదిలేయండి. ఏడాది దాటాక ఒకసారి సైకిల్ చెయిన్ ఊడితే, పక్కనే ఉన్న నన్ను దాటుకుని వెళ్లి ఆమెను పేరు పెట్టి పిలిచింది. ఇప్పటికీ అదే పిలుపు. మర్యాద తగ్గిందని మాకెవరికీ అనిపించలేదు.

మందలింపు కన్నవారి పని. బాబు తడి తువ్వాలు మంచం మీద పడేస్తే నాకు ఒళ్లు మండేది. అయినా నోరు విప్పకుండా, విడిగా వాళ్లమ్మతో చెప్పేదాన్ని. ఆమె లేనప్పుడు మాత్రం "ఇది మీ అమ్మ పెట్టిన నియమం" అని గుర్తుచేసేదాన్ని. ముందు పెళ్లి పిల్లలతో కొత్తగా కలిసిన కుటుంబాలతో దశాబ్దాలుగా పనిచేసిన మనస్తత్వ నిపుణురాలు పాట్రిషియా పేపర్నో కూడా దిద్దడం కంటే ముందు దగ్గర కావాలనే అంటారు. కుదురుకోవడానికి త్వరగా అయితే నాలుగేళ్లు, చాలామందికి ఏడేళ్లదాకా పడుతుందని ఆమె లెక్క. అది చదివాకే నాకు నిద్ర పట్టింది.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఒక రాత్రి దీపం ఆర్పాక వచ్చింది. "అయితే నాన్న అంటే నీకు ఎప్పుడూ ఇష్టం లేదా? నేను పొరపాటున పుట్టానా?" తల్లిదండ్రులు విడిపోవడం ఒకటి, అమ్మ తన గురించి కొత్తగా తెలుసుకోవడం మరొకటి. పిల్లల మనసులో అవి ఒకటే ముడి. విడదీసి చెప్పాల్సింది మనమే. "నాన్నతో గడిపిన రోజులు నిజమే. నిన్ను కోరుకునే కన్నాం. నా గురించి నాకే ఆలస్యంగా అర్థమైంది" అన్నాను. ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ అదే జవాబు, అంతే నెమ్మదిగా చెప్పండి. వాళ్ల నాన్నను పల్లెత్తు మాట అనకండి.

మా అమ్మ మాత్రం "ఇది జబ్బేమో, చూపించుకో" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసిందని చెప్పాను. పిల్లలకూ ఆ సంగతి చెప్పి ఉంచండి, బయట ఎవరైనా అంటే తడుముకోకుండా ఉంటారు. అయితే ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలో వాళ్ల ఇష్టం. తన ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మేము చేతులు పట్టుకోవద్దని బాబు అడిగాడు. నొచ్చుకున్నాను, ఒప్పుకున్నాను.

ఇంట్లో పిలుపు ఆగుతుంది కానీ కాగితాలు ఆగవు. బాబు మణికట్టు విరిగిన రోజు ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. "మీరేమవుతారు?" అన్నారు. వాళ్లమ్మ వచ్చేదాకా సంతకం చేసే హక్కు లేక వరండాలో నిలబడ్డాను. కన్న తల్లితో కలిసి ఉన్నంత మాత్రాన బిడ్డ మీద హక్కు రావడం చాలా దేశాల్లో లేదు. దత్తత వీలున్నచోట కూడా సాధారణంగా రెండో కన్నవారి అనుమతి కావాలి. కాబట్టి వైద్యానికి అనుమతి పత్రం, బడి నుంచి తీసుకెళ్లేవారి జాబితాలో పేరు, వీలునామాలో సంరక్షకుల ప్రస్తావన, ఈ మూడూ మీ చోట ఎంతవరకు చెల్లుతాయో వకీలును అడిగి మొదటి నెలలోనే పూర్తిచేయండి.

ఇక నన్ను నేను ఏమనుకోవాలి? "లెస్బియన్" అన్న మాట నా నోట రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ మాటంటే పన్నెండేళ్ల కాపురం చెరిగిపోతుందని భయం. చెరగలేదు. మీకు ఏ మాటా అతకకపోతే ఖాళీగానే ఉంచండి, గడువేమీ లేదు.

ఒకటి మరిచాను. ఆదివారం ఉదయం ఒక గంట నాకూ పాపకూ మాత్రమే. మొదటి వారం నుంచీ తప్పలేదు. ఆ గంటలో ఆమె మా తలుపు తట్టదు.