డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల ఒళ్లో నాలుగు వేరుసెనగకాయలు పోయండి

చిత్తూరు పల్లెల్లో సేద్యం చేసి వచ్చిన పెద్దవాళ్లకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉంటే, పాత ఫోటో చూపించి "ఇదెవరో చెప్పు" అని పరీక్ష పెట్టకండి, పాపం. మట్టి వదలని పచ్చి వేరుసెనగకాయలు ఒళ్లో పోసి, పక్కన కూర్చుని మీరూ ఒలవండి. పేర్లు మరిచిపోయినా, చేతికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుంది. మా అమ్మమ్మకైతే వేడి బెల్లం వాసన తగిలితే చాలు, గానుగ దగ్గర ఎడ్లను ఎవరు తోలేవారో చెప్పడం మొదలుపెడుతుంది. వాసన మెదడులో జ్ఞాపకాలకు, భావోద్వేగాలకు సంబంధించిన భాగాలను దగ్గరి దారిలో చేరుతుంది. అయితే డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో వాసన తెలిసే శక్తి ముందే తగ్గవచ్చు. అందుకే స్పర్శ, రుచి కూడా తోడుండాలి.

టీవీ ఆపేయండి. ఒకసారికి ఒక్క వస్తువే ఇవ్వండి. "గుర్తుందా?" అనకండి, "కమ్మగా ఉంది కదా" అంటే చాలు, మాట వాళ్లే అందుకుంటారు. చెప్పింది తప్పైనా సరిదిద్దవద్దు. ముఖం చిట్లిస్తే వెంటనే తీసేయండి. మింగడం కష్టమైనవారికి గింజలు నోట్లో పెట్టకండి, కాయలు చేతికి మాత్రమే. పూజగదిలోని కర్పూరం తింటే విషం, అందకుండా దాచండి.